ఆ గడిలో తెలుగు అని రాయండి

జులై నెలాఖరుకి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మన తెలుగువాళ్ల ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన సూట్‌కేసులు హాల్లో సగం విప్పి ఉంటాయి. పిల్లలు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుని ఆకలంటారు. ఆగస్టులో అమ్మకం పన్ను లేకుండా కొనుక్కునే మూడు రోజుల ట్యాక్స్ హాలిడే కోసం బ్యాగులు, బూట్లు కొనకుండా ఆపి ఉంచుతాం. టీచర్ల పేర్లు తెలిసిన రోజు వాట్సాప్ గ్రూపుల్లో "మీవాడికి ఎవరొచ్చారు?" అన్న ప్రశ్నే. ఆగస్టు రెండో వారంలో బడి మొదలయ్యేదాకా ఈ హడావుడి తగ్గదు.

మొదటిసారి బడిలో చేర్చేవాళ్లకు దీనికి తోడు ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్. కరెంటు బిల్లు, టీకాల కాగితం, బర్త్ సర్టిఫికెట్ ఒక్కొక్కటీ అప్‌లోడ్ చేస్తూ పోతుంటే మధ్యలో ఒక చిన్న పేజీ వస్తుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడుగుతుంది. మనలో చాలామంది అక్కడ ఇంగ్లీష్ అని పెట్టేసి ముందుకు వెళ్లిపోతాం. నేనూ అదే చేశాను. ఈ ఏడాది మీరు అలా చేయొద్దని అడగడానికే ఇది రాస్తున్నాను.

మా బాబు మూడేళ్లు ఖమ్మంలో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. అక్కడే ఎల్‌కేజీ చదివాడు. కిండర్‌గార్టెన్ వయసు రాగానే ఇక్కడికి తెచ్చుకున్నాం. టెక్సస్‌లో సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లు నిండాలి, వాడికి ఆ జులైలోనే నిండాయి. ఫారం నింపుతుంటే భాష దగ్గర ఆగి, తెలిసినవాళ్ల గ్రూపులో అడిగాను. పది నిమిషాల్లో ఆరుగురు జవాబిచ్చారు. అందరిదీ ఒకటే మాట: "ఇంగ్లీష్ అని పెట్టేయండి, లేకపోతే ఈఎస్‌ఎల్‌లో వేసేస్తారు." ఈఎస్‌ఎల్ అంటే ఇంగ్లీష్ రాని పిల్లలకు ఇంగ్లీష్ నేర్పే ప్రోగ్రాం. ఇంగ్లీష్ అనే పెట్టేశాను.

మొదటి వారం వాడు ఏడవలేదు. ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాం. ఒక్కటే తేడా. పొద్దున నింపి పంపిన నీళ్ల బాటిల్ సాయంత్రం అలాగే నిండుగా తిరిగొచ్చేది. బయట వంద డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ. ఇంటికి రాగానే బ్యాగు గుమ్మంలో పడేసి బాత్రూమ్‌కి పరిగెత్తేవాడు. నాలుగో రోజు రాత్రి పడుకోబెడుతుంటే అడిగాడు: "అమ్మా, ఒకటికి వస్తోందని టీచర్‌కి ఎలా చెప్పాలి?"

ఖమ్మంలో చిటికెన వేలు పైకెత్తి చూపిస్తే చాలు, ఏ టీచరైనా వెళ్లమంటుంది. మావాడు ఇక్కడా అదే చేశాడు. ఈ దేశంలో చిటికెన వేలు చూపిస్తే ఒట్టు వేయమని అడిగినట్టు. ఆవిడ నవ్వి తన చిటికెన వేలిని వాడి వేలికి తగిలించి, తల నిమిరి వెళ్లిపోయిందట. అప్పటినుంచి వాడు నీళ్లు తాగడమే మానేశాడు.

మర్నాడు టీచర్ నుంచి మెయిల్. పిల్లాడు మాట్లాడటం లేదు, చెప్పిన పని చేయడం లేదు, చెవులు ఎప్పుడైనా పరీక్ష చేయించారా అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ ముందున్న కాగితంలో ఈ ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడతారని ఉంది. ఇంగ్లీష్ ఇంటి పిల్లాడు ఇంగ్లీష్‌లో చెబితే కదలకపోతే ఎవరైనా ముందు చెవినే అనుమానిస్తారు.

మా పక్కింటి అక్కది కరీంనగర్. పిల్లలిద్దరినీ ఇక్కడే పెద్దచేసింది. విషయం చెప్పగానే "రెండు వారాలు దాటిందా?" అని అడిగింది. దాటలేదు. "అయితే రేపు పొద్దున్నే ఆఫీసుకి పో" అంది. టెక్సస్‌లో ఈ భాష ఫారాన్ని మొదటిసారి బడిలో చేరినప్పుడు ఒక్కసారే నింపుతాం. ఆ కాగితం పిల్లాడి ఫైల్లో చివరిదాకా ఉంటుంది. దిద్దుకోవాలంటే చేరిన రెండు వారాల లోపు, అదీ పిల్లాడికి భాష పరీక్ష పెట్టకముందే అడగాలి. నేను వెళ్లింది తొమ్మిదో రోజు.

అసలు ఈ ఫారం ఎందుకుందో నాకు అప్పుడు తెలియదు. తర్వాత చదివాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా కుటుంబాల పిల్లలు దాదాపు 1,800 మంది ఇంగ్లీష్ రాకుండానే, ఏ సాయమూ లేకుండా క్లాసుల్లో కూర్చునేవారు. వాళ్ల తరఫున కేసు వేశారు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఒకే గది ఇచ్చాం కాబట్టి సమానంగా చూసినట్టే అంది బడి. భాష అర్థం కాని పిల్లలకు అది సమానత్వం కాదని 1974లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. దానికి ఆధారం 1964 పౌరహక్కుల చట్టం. అంటే మనం తొందరలో దాటేసే ఆ పేజీ వెనక మనలాంటి వలస కుటుంబాల పోరాటం ఉంది. మన పిల్లలకు సాయం ఇక్కడ హక్కు. కానీ మన ఇంటి భాష ఏదో బడికి తెలియకపోతే ఆ హక్కు మన దాకా రాదు.

ఇప్పుడు ఫారంలో మూడు ప్రశ్నలు ఉంటాయి. ఇంట్లో ఏ భాషలు వాడతారు, పిల్లాడు ఇంట్లో ఏ భాషలు వాడతాడు, ఇంతకుముందు వేరే ఇంట్లో పెరిగి ఉంటే అక్కడ ఏ భాషలు వాడేవారు. మూడోది సరిగ్గా మావాడి లాంటి పిల్లల కోసమే. తెలుగు అని రాస్తే నాలుగు వారాల్లోపు చిన్న పరీక్ష పెడతారు. కిండర్‌గార్టెన్ పిల్లలకు రాత ఉండదు, విని మాట్లాడటమే. ఇంగ్లీష్ బాగా వస్తే అక్కడితో అయిపోయింది, ఏ ప్రోగ్రాంలోనూ వేయరు. రాకపోతే సాయం ఇవ్వాలని కమిటీ సిఫారసు చేస్తుంది. ఆ ప్రోగ్రాంలో చేర్చడానికి మన అనుమతి కావాలి. మనం వద్దంటే ఎవరూ అందులో "వేసేయరు". ఆ కమిటీని ఎల్‌ప్యాక్ అంటారు. అందులో ఒక తల్లో తండ్రో కూడా ఉంటారు. మనవాళ్లు ఎంతమంది దానికి పేరిచ్చారో ఒకసారి మీ బడిలో కనుక్కోండి.

భయాలు అన్నీ ఉత్తవే అని నేను అనను. ఒకసారి ఇంగ్లీష్ సాయం కావాలన్న లెక్కలోకి వచ్చిన పిల్లలకు, ఇంగ్లీష్ ఎంత వచ్చిందో చూడటానికి ఏటా వసంతంలో టెల్పాస్ అనే పరీక్ష ఉంటుంది. ప్రోగ్రాం వద్దని సంతకం పెట్టినా ఆ పరీక్ష తప్పదు. కిండర్‌గార్టెన్‌లో ఎంత బాగా మాట్లాడినా ఆ ఏడాది ఆ లెక్కలోంచి బయటికి పంపరు, ఒకటో తరగతి దాకా ఆగాలి. తెలుగూ ఇంగ్లీషూ రెండూ గలగలా మాట్లాడే పిల్లాడు రాతలో కొన్ని మార్కులు తగ్గి ఇంకో ఏడాది ఉండిపోతే తల్లికి కష్టంగానే ఉంటుంది. మావాడు రెండో తరగతి చివర్లో బయటికొచ్చాడు. ఆ మూడేళ్లలో వాడిని చిన్నచూపు చూసినవాళ్లు లేరు. రోజూ కాసేపు ఒక టీచరు బొమ్మలు పెట్టి, నలుగురు పిల్లలతో మాటలు ఆడించేది. ఆ నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లే. బాగా చురుకైన పిల్లలకు ఉండే గిఫ్టెడ్ ప్రోగ్రాంకి అడ్డం వస్తుందని కూడా అంటారు. ఈఎస్‌ఎల్‌లో ఉన్నంత మాత్రాన ఆ తలుపు మూసుకోదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాటలు ఆలస్యమైన పిల్లల సంగతి. నాలుగేళ్లొచ్చినా సరిగ్గా మాట్లాడకపోతే బడివాళ్లు పరీక్షిస్తారు. ప్రత్యేక విద్య చట్టం ప్రకారం ఆ పరీక్ష వీలైనంత వరకు పిల్లాడికి వచ్చిన భాషలో జరగాలి. మీటింగుల్లో తల్లిదండ్రులకు అవసరమైతే దుబాసీని ఇవ్వాలి. ఫారంలో ఇంగ్లీష్ అని ఉంటే ఆ సంగతి ఎవరికి తడుతుంది? తెలుగులో చక్కగా కథ చెప్పగల పిల్లాడికి మాటల లోపం ఉందని రాసేయొచ్చు. లేదా నిజంగానే లోపం ఉన్న పిల్లను "ఇంకా ఇంగ్లీష్ రాలేదులే" అని రెండేళ్లు వదిలేయొచ్చు. రెండూ పిల్లల కాలాన్ని తినేసేవే.

ఇంకోటి, ఇది తెలియక మనవాళ్లు డబ్బు కూడా పోగొట్టుకుంటున్నారు. టెక్సస్‌లో ఇంగ్లీష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని నాలుగేళ్ల పిల్లలకు ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందటి తరగతి, ఉచితం. ఆదాయంతో సంబంధం లేదు. అమ్మమ్మ దగ్గర తెలుగులోనే పెరిగిన పిల్లకు అర్హత ఉండే అవకాశం చాలా ఎక్కువ. అయినా ఆ సంగతి అడగకుండా నెలనెలా డేకేర్‌కి కట్టేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

బడికీ నష్టమే. ఇక్కడ రాష్ట్రం ఇచ్చే సొమ్ము ఒక్కో విద్యార్థికి ఇంత అని లెక్క. ఆ మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయి, 2025లో 55 డాలర్లు పెరిగింది. భాష సాయం అవసరమైన పిల్లలకు దాని మీద పది శాతం అదనంగా ఇస్తారు. మన పిల్లలకు సాయం అవసరమై కూడా లెక్కలో లేకపోతే, ఆ సాయం చేసే టీచర్లకు రావలసిన డబ్బు రాదు. మనం మంచి బడి అని వెతికి, దాని కోసమే ఎక్కువ పెట్టి ఇల్లు కొన్నాం కదా, ఆ బడికే మనం తక్కువ చేస్తున్నాం. (లెక్క రోజూ వచ్చిన హాజరును బట్టి ఉంటుంది కాబట్టి, ఇండియా టికెట్లు ఆగస్టు మూడో వారానికి కొనే అలవాటు గురించి కూడా ఒకసారి ఆలోచించండి.)

అసలు బాధ వేరే ఉంది. 2010కీ 2017కీ మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని లెక్క వచ్చినప్పుడు మన పత్రికలు గొప్పగా రాశాయి. మన స్టేజీల మీద ఎన్నిసార్లు చెప్పుకున్నామో! అదే మనం బడి ఫారం దగ్గరికొచ్చేసరికి ఇంట్లో తెలుగు లేదంటున్నాం. టెక్సస్ చట్టంలో ఒక నిబంధన ఉంది: ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే సంస్థ) మొత్తం మీద ఒకే తరగతిలో, ఒకే భాష ఇంటి భాషగా ఉండి సాయం అవసరమైన పిల్లలు 20 మంది ఉంటే, ఎలిమెంటరీలో ఆ భాషలో ద్విభాషా బోధన ఏర్పాటు చేయాలి. అర్హత ఉన్న టీచర్లు దొరక్కపోతే డిస్ట్రిక్ట్ రాష్ట్రాన్ని మినహాయింపు అడగాలి. తెలుగులో రేపే క్లాసులు వచ్చేస్తాయని నేను ఆశపెట్టడం లేదు. కానీ పిల్లలే లెక్కలో లేకపోతే టీచర్లు కావాలని అడగడానికి మనకు నోరెక్కడిది? హైస్కూల్లో తెలుగుకు క్రెడిట్ ఇవ్వమని డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగులో మనం మూడు నిమిషాలు మాట్లాడితే, ఆ బోర్డు ముందు చూసేది ఆ సంఖ్యనే.

అమ్మల గురించి కూడా చెప్పాలి. డిగ్రీలు ఉన్నా, ఫోన్లో టీచర్ గబగబా మాట్లాడితే సగం అర్థం కాక "యా, యా" అని పెట్టేసేవాళ్లు చాలామంది. మనకు అర్థమయ్యే భాషలో ముఖ్యమైన సంగతులు చెప్పడం బడి బాధ్యత. రిజిస్ట్రేషన్‌లో మీకు ఏ భాషలో సమాచారం కావాలి అని అడిగితే మొహమాటపడొద్దు. దుబాసీ కావాలని అడిగితే ఎవరూ తక్కువగా చూడరు. అడిగిన మొదటిరోజు నాకు గొంతు వణికింది. అవతలి ఆవిడ "తప్పకుండా" అని పేరు రాసుకుంది, అంతే.

మన తెలుగు సంఘానికి ఒక విన్నపం. ఏటా ఆగస్టులో పిల్లలకు బ్యాగులు, పుస్తకాలు పంచే కార్యక్రమం ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది, మంచిదే. ఆ హాల్లోనే ఒక మూల ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించండి. కొత్తగా వచ్చిన కుటుంబాలు కూర్చుని ఫారం నింపుకునేలా, తెలిసినవాళ్లు పక్కనుండి చెప్పేలా. బడి నుంచి పిల్లల్ని తీసుకొచ్చేది అమ్మమ్మలు, తాతయ్యలు అయితే వాళ్ల పేర్లు కూడా రిజిస్ట్రేషన్‌లో చేర్చాలి కాబట్టి వాళ్లనూ వెంట తీసుకురమ్మని చెప్పండి, పాస్‌పోర్టుతో సహా. బల్ల దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను కూర్చుంటాను. ల్యాప్‌టాప్ నేనే తెచ్చుకుంటాను. మావాడు ఇప్పుడు ఐదో తరగతి. తనూ వస్తానన్నాడు, కిండర్‌గార్టెన్‌కి వెళ్లే పిల్లలకు బాత్రూమ్‌కి వెళ్లాలని ఎలా అడగాలో నేర్పిస్తాడట.