ఆ రిపోర్టు ఎవరి కోసం?

ముద్ర లోనుకో, పీఎంఈజీపీ సబ్సిడీకో (సొంతంగా వ్యాపారం పెట్టుకునేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పథకాలివి) దరఖాస్తు పెట్టాలంటే సాధారణంగా ప్రాజెక్టు రిపోర్టు అడుగుతారు. అనంతపురంలో ఏ ఆడిటర్ ఆఫీసుకు వెళ్లినా, ఏ ఆన్‌లైన్ సెంటర్ మెట్లెక్కినా తయారు చేసిస్తారు. మొదటి ఏడాది అమ్మకాలు ఇంత, రెండో ఏడాది ఇంకాస్త, మూడో ఏడాదికి లాభం ఇంత అని అంకెలు వరుసగా ఉంటాయి. ఏ ఏడాదీ నష్టం రాదు. వాన ముఖం చాటేయదు, ఎదురుగా ఇంకో అంగడి వెలవదు. బ్యాంకు మేనేజర్ ఫైలు కదలడానికి ఏం కావాలో అన్నీ అందులో ఉంటాయి. వ్యాపారం చేయబోయే మనిషికి పనికొచ్చే ముక్క మాత్రం ఉండదు. చాలామంది సంతకం పెట్టేటప్పుడు తప్ప దాన్ని తెరిచి చూడరు. తెరిచినా ఇంగ్లిష్‌లో ఉన్న ఆ పట్టికలు ఎంతమందికి అర్థమవుతాయి?

ఆడిటర్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. బ్యాంకు అడిగింది వాళ్లు రాసిస్తున్నారు. అప్పు మంజూరు కాగానే ప్లానింగ్ అయిపోయిందని వ్యాపారి అనుకోవడం దగ్గరే తంటా మొదలవుతోంది. ఆ తర్వాత అంతా పక్కవాణ్ని చూసి చేయడమే. కాలేజీ రోడ్డులో ఒక బిర్యానీ పాయింట్ బాగా నడిస్తే దాని పక్కనే ఇంకోటి, ఎదురుగా మరోటి. పోయినేడాది మొబైల్ షాపు ఉన్న షట్టర్‌లో ఈ ఏడాది జ్యూస్ సెంటర్ ఉంటుంది, వచ్చే ఏడాది ఏముంటుందో చెప్పలేం. షట్టర్ యజమానికి అడ్వాన్సు, అద్దె వస్తూనే ఉంటాయి. పోయేది షాపు పెట్టినవాడి సొమ్ము, ఒక్కోసారి ఇంట్లో ఆడవాళ్ల బంగారం.

బ్యాంకు కోసం రాయించిన రిపోర్టు సంగతి అలా ఉంచి, ఓనరు తనకోసం తాను ఒక్క పేజీ తెలుగులో రాసుకోవాలన్నది మా మాట. ఉగ్గాని బజ్జీ అమ్మే చిన్న టిఫిన్ సెంటర్‌నే తీసుకుందాం. ప్లేటు 40 రూపాయలు. బొరుగులు, శనగపిండి, మిరపకాయలు, నూనె, గ్యాస్, విస్తరాకు అన్నీ కలిపి ప్లేటుకు 18 అవుతుందనుకుంటే మిగిలేది 22. నెలకు అద్దె 12 వేలు, ఇద్దరు పనివాళ్లకు 24 వేలు, కరెంటు, నీళ్లకు 3 వేలు, బ్యాంకు కంతు 6 వేలు. మొత్తం 45 వేలు. నెలకు 28 రోజులు తెరిస్తే, రోజుకు 74 ప్లేట్లు పోతే ఖర్చులు గట్టెక్కుతాయి. 80 ప్లేట్లు అమ్ముతున్న ఓనరు ‘పర్లేదు, లాభంలోనే ఉన్నాం’ అంటాడు. నెలాఖరుకు ఆయన చేతిలో ఉండేది నాలుగు వేల చిల్లర! తెల్లవారుజామున లేచి పొయ్యి ముట్టించిన తన కూలి, చట్నీ రుబ్బిన భార్య కూలి ఆ లెక్కలో ఎక్కడా లేవు.

ఇల్లు గడవడానికి నెలకు 18 వేలు కావాలని రాసుకుంటే 74 కాస్తా 103 అవుతుంది. నూనె మండి ప్లేటుకు ఇంకో మూడు రూపాయలు పడితే 119. అలాకాక ప్లేటు రేటు 45 చేసి ఖర్చును 18 దగ్గరే పట్టుకోగలిగితే 84 చాలు. అయిదు రూపాయలు పెంచితే గిరాకీ పోతుందని భయపడేవాళ్లు ఈ లెక్క వేసి చూడాలి. 103 ప్లేట్లు పోయేచోట పద్దెనిమిది మంది రాకపోయినా పాత రాబడికి లోటు లేదు. ఇక ఆ వీధిలో పొద్దున ఏడు నుంచి పది మధ్య అంతమంది తినేవాళ్లు తిరుగుతారా అన్నది రెండు మూడు రోజులు అక్కడ నిలబడి చూస్తే తెలిసిపోతుంది. సర్వే అంటే అదే. అడ్వాన్సు ఇవ్వకముందే నిలబడాలి, అంతే.

ఈ జిల్లాలో చేతిలో డబ్బు ఆడటానికి కూడా సీజన్ ఉంది. ఏడాదికి సగటున అయిదు వందల పైచిలుకు మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. జూన్, జులైల్లో విత్తనాలకు, సేద్యానికి పల్లెల్లోంచి పోయిన డబ్బు వేరుశనగ అమ్ముడయ్యాక గానీ తిరిగి రాదు. పంట పోయిన ఏడాది రానే రాదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వస్తే ముహూర్తాలు ఉండవు. సెలవులిస్తే జేఎన్‌టీయూ, ఎస్కేయూ యూనివర్సిటీల చుట్టుపక్కల హోటళ్లు, జిరాక్స్ షాపులు వెలవెలబోతాయి. పంచాంగం చూసి షాపు ఓపెనింగ్‌కు ముహూర్తం పెట్టించుకునే మనం, అదే పంచాంగం చూసి సరుకు ఎప్పుడు తెప్పించాలో, ఎప్పుడు ఆపాలో రాసుకోం. గిరాకీ ఒక్కోసారి ప్రభుత్వ ఉత్తర్వుతోనూ కదిలిపోతుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక హిందూపురం, కదిరి, పెనుకొండ వైపు నుంచి కలెక్టరేట్ పనుల మీద ఇక్కడికి వచ్చే జనం పుట్టపర్తికి మళ్లారు. వాళ్ల మధ్యాహ్న భోజనం, టీ నీళ్లు, ఫొటోస్టాట్ ఖర్చు కూడా వాళ్లతోనే వెళ్లాయి.

అప్పుల సంగతికొద్దాం. దసరాకని పాతూరు వైపు ఒక బట్టల షాపాయన మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చి సరుకు నింపాడనుకోండి. ఏడాదికి 36 శాతం వడ్డీ అది. ఆ సరుకు సంక్రాంతి దాకా బీరువాల్లోనే ఉండిపోతే నాలుగు నెలల వడ్డీ ఒక్కటే 60 వేలు. పండగ డిస్కౌంట్ బోర్డు పెట్టేటప్పుడు ఈ 60 వేలు గుర్తుండవు. మరోవైపు ‘అప్పు రేపు’ అని బోర్డు తగిలించి, దాని కిందే ఖాతా పుస్తకం తెరిచే అంగళ్లు మనకు కొత్త కాదు. అరువు ఇవ్వొద్దని మేం అనం. పంట డబ్బు మీద బతికే చోట అరువును మించిన మార్కెటింగ్ లేదు. కాకపోతే ఎవరికి, ఎంత వరకు అన్నది ముందే రాసి ఉండాలి. పుస్తకంలో ఉన్న బాకీని లాభంగా లెక్కేసుకుని గుండె నిబ్బరంగా ఉండేవాళ్లను చూస్తే మాకే టెన్షన్ వస్తుంది.

రాయదుర్గంలో జీన్స్ కుట్టే చిన్న యూనిట్ల కష్టం వేరు. పెద్ద వ్యాపారి గుడ్డ ఇస్తాడు, వీళ్లు కుట్టిస్తారు, డబ్బు ఆయన దయ. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం, కేంద్రం దగ్గర ‘ఉద్యమ్’ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్లకు రాతకోతలు ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు ఇచ్చేయాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’కు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఇవ్వకపోతే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. చట్టం గట్టిదే. కానీ పని ఇచ్చేది ఒక్కడే అయినప్పుడు వాడి మీదే ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే రెండో పార్టీని వెతుక్కోవడం ఆ యూనిట్‌కు అన్నిటికంటే ముందు పని. రేటు కాస్త తక్కువైనా సరే.

మార్కెటింగ్ అనగానే ఫ్లెక్సీ, రీల్, లోకల్ కేబుల్‌లో యాడ్ అనుకుంటున్నారు. వాటికి డబ్బు తగలేసే ముందు చేతిలో ఉన్నదాన్ని వాడుకోవాలి. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌తో వచ్చిన ప్రతి రూపాయీ ఏ రోజు, ఏ గంటకు వచ్చిందో ఫోన్‌లోనే ఉంది. మంగళవారం సాయంత్రం గిరాకీ ఉండదని మూడు నెలల స్టేట్‌మెంట్ చూస్తే తెలిసిపోతుంది. ఆ పూట ఒక మనిషి కూలి మిగుల్తుంది, లేదా ఆ పూటకే ఒక ఆఫర్ పెట్టొచ్చు. గూగుల్ మ్యాప్‌లో షాపు పేరు, టైమింగ్, ఫోన్ నంబరు సరిచేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. అయినా ఎప్పుడో మార్చేసిన నంబరే అక్కడ మోగుతూ ఉంటుంది.

బయటి మార్కెట్ మీద కన్నేసినవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే బెంగళూరు. మన చెనిక్కాయల పొడి, చిక్కీ, జొన్న రొట్టె కోసం అక్కడ మనవాళ్లే బోలెడంత మంది ఉన్నారు. అయితే జీఎస్టీలో కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి సరుకు అమ్మకూడదు. కోటిన్నర టర్నోవర్ లోపు వాళ్లకు ఒక శాతం పన్నుతో పోతుంది, లెక్కల బాధ తక్కువ అని ఆ పద్ధతిలో చేరి, ఆ తర్వాత బెంగళూరు ఆర్డర్లు పట్టుకుంటే చిక్కే. ఎవరికి అమ్మాలో ముందు తేల్చుకుంటే ఏ పద్ధతిలో చేరాలో అదే తేలుతుంది.

ఇదంతా వ్యాపారి నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. పీఎంఈజీపీలో చాలా ప్రాజెక్టులకు శిక్షణ తప్పనిసరి. నిబంధన మంచిదే, కానీ అది సర్టిఫికెట్ తీసుకోవడంతో ముగిసే తంతుగా ఉండకూడదు. జిల్లా పరిశ్రమల కేంద్రంలోనో, బ్యాంకు బ్రాంచిలోనో ఒక గంట కూర్చోబెట్టి, పైన చెప్పిన ప్లేట్ల లెక్కలాంటిది దరఖాస్తుదారు చేతనే తెలుగులో రాయించాలి. ఆరు నెలలకు అదే కాగితం తెచ్చి చూపించమనాలి. లెక్క తప్పిందంటే కంతు తేదీ మార్చాలా, సరుకు తగ్గించాలా అని మాట్లాడటానికి అప్పటికి ఇంకా వ్యవధి ఉంటుంది. బాకీ ఎగ్గొట్టాక నోటీసు పంపడం కంటే బ్యాంకుకు ఇది చవక.

నియోజకవర్గానికో ఎంఎస్‌ఎంఈ పార్కు అని ప్రభుత్వం చెబుతోంది. షెడ్లు, రోడ్లు వస్తే సంతోషమే. జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశాల్లో ఎన్ని యూనిట్లకు ఎన్ని కోట్లు ఇచ్చారన్న లెక్క చదువుతారు. పోయినేడాది ఇచ్చిన వాటిలో ఎన్ని షట్టర్లు ఇంకా తెరుచుకుంటున్నాయో కూడా మండలాలవారీగా ఆ పట్టికలోనే చేర్చమని కలెక్టర్ ఆదేశించాలి. వచ్చే సమావేశం నుంచే మొదలుపెట్టవచ్చు, దీనికి కొత్త పథకం అక్కర్లేదు.