ఇప్పచెట్టు కింద మొదలయ్యే మంట

నల్లమల అడవుల్లో వేసవి మంటలకు ఎండ తీవ్రతే కారణమని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట సగమే నిజం. ఎండ ఆకును ఎండబెడుతుంది. నిప్పు మాత్రం చాలా వరకు మనిషి చేతి నుంచే వస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలే ఇప్పపువ్వు ఎండుటాకుల్లో కలిసిపోకుండా తేలిగ్గా ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు, బీడీలు చుట్టే తునికి ఆకు చిగుళ్లు బాగా వస్తాయని పొదలకు నిప్పు పెడతారు, ఇక ఆర్పకుండా పారేసే బీడీ ముక్క సంగతి చెప్పనక్కర లేదు. చెట్టు కింద వల కట్టి పువ్వు పట్టుకుంటే అసలు కాల్చే అవసరమే ఉండదు.

భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలతో మంటను పసిగట్టి ఫోన్లకు సందేశాలు పంపుతున్న మాట వాస్తవమే కానీ, ఫైర్ లైన్లలోని (మంట పాకకుండా అడవిలో ఖాళీగా ఉంచే పట్టీల్లోని) ఎండుగడ్డిని వేసవికి ముందే తొలగించకపోతే, సిబ్బంది చేరేసరికి మంట మరో గుట్ట ఎక్కుతుంది. 2014 మార్చిలో శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు హెలికాప్టర్లను దింపవలసి వచ్చింది.

వ్యాసంలో లేని విషయం ఒకటుంది. మంట ఏటవాలుపై ఎగువకే వేగంగా పాకుతుంది కనుక, చిక్కుకున్నవారు గుట్టపైకి పరుగెత్తకుండా, పక్కకు తప్పుకొని, వాగు ఇసుకలోకో అప్పటికే కాలి చల్లారిన నేలమీదికో చేరాలి. అడవికి వెళ్లేటప్పుడు నైలాన్ బట్టల కంటే నూలు బట్టలే మేలు.