నిలబడ్డ కారుకే స్టీరింగు ముఖ్యం

నడిచే కారుకు స్టీరింగు ఎలా ఉన్నా ఫర్వాలేదు. నడవని కారుకు మాత్రం నిగనిగలాడాలి. నెల్లూరులో మా ఇంటి సపోటా చెట్టు కింద మూడు వారాలు శ్రమించి కనిపెట్టిన సిద్ధాంతమిది. తొందరపడి నవ్వకండి. నడిచే కారైతే, అందులోనూ మన ట్రంకు రోడ్డు మీదైతే, కళ్లు రోడ్డు మీద, చెయ్యి హారన్ మీద, భారం దేవుడి మీద. స్టీరింగు వంక చూసే తీరికెవరికి? నిలబడ్డ కారు అలా కాదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ తలుపు తీసి కూర్చుంటాడు. స్టీరింగును అటూ ఇటూ తిప్పి, "పెద్దాయన ఉన్నప్పుడు మైపాడు పోయింది ఇందులోనే కదూ" అంటాడు. దిగాక అరచేతులు చూసుకుంటాడు. నల్లటి జిడ్డు. మా వంశ ప్రతిష్ఠ మసకబారేది సరిగ్గా అక్కడే.

మాది 1974 అంబాసిడర్, మార్క్ 2. మా నాన్న కొన్నది. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్రం రూల్స్ తెచ్చింది. నంబరు ప్లేటు మీద 'వీఏ' అని అక్షరాలొస్తాయి. అసలు రూపు మారకూడదు, రోజువారీ పనులకు రోడ్డెక్కకూడదు. ఈ రెండో షరతును మా కారు రూలు పుట్టకముందు నుంచే తూచా తప్పకుండా పాటిస్తోంది. ఇంత క్రమశిక్షణ గల వాహనం జిల్లాలో ఇంకోటుంటే చూపించండి.

డబ్బు సంగతి కూడా చూద్దాం. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 2017లో ఆ పేరొక్కటే ఓ ఫ్రెంచి కంపెనీకి 80 కోట్లకు అమ్ముడుపోయింది. ఉత్త పేరుకే అంత పలికితే, పేరుతో పాటు నాలుగు చక్రాలు, డిక్కీలో ఓ పిల్లి సంసారం కూడా ఉన్న మా కారు ఎంత పలకాలి? ఈ లెక్క మా ఆవిడకు చెప్పాను. ఆమె మాట్లాడకుండా సింకు కింద కారుతున్న పైపు వైపు చూపించింది. దానికోసమే పగుళ్లు పూడ్చే ఎం-సీల్ ముద్దలు తెచ్చి అలమరలో పెట్టి ఉన్నాను. అది గుర్తుంచుకోండి.

స్టీరింగు బాగుచెయ్యాలంటే ముందు కవరు విప్పాలి. పగిలిన స్టీరింగుకు మన దగ్గర ఒకటే వైద్యం, రెక్సిన్ కవరు తొడిగి కుట్టెయ్యడం. పగులు కనపడకపోతే లేనట్టే. ఈ వైద్యం మన డ్రైనేజీ కాలవలకూ చేస్తుంటారు, దాన్ని బండ అంటారు. మా స్టీరింగుకు మూడు కవర్లున్నాయి, ఒకదాని మీద ఒకటి. పైన నల్లది, దాని కింద మెరూన్, అడుగున పులిచారలది. ఆ పులిచారలది ఎవరు వేయించారో ఇంతవరకు ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

అడుగున పదకొండు పగుళ్లు. లోపల ఇనుప కమ్మీ, దాని మీద గట్టి ప్లాస్టిక్. ఏళ్లు గడిచేకొద్దీ, రోహిణి కార్తెలు దాటేకొద్దీ ప్లాస్టిక్ బిగుసుకుపోయి కుంచించుకుంటుంది. ఇనుము మాత్రం తగ్గేదే లేదంటుంది. చివరికి చువ్వ రింగును కలిసే చోట పగులు పడుతుంది. ఉమ్మడి కుటుంబాల్లో కూడా అంతే, కలిసే చోటే.

స్టీరింగు ఊడదియ్యడానికి ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ కుర్రాడు సుత్తి తీశాడు. "ఏంది సార్, రెండు దెబ్బలేస్తే ఊడొస్తది!" నేను అడ్డుపడ్డాను. సుత్తి దెబ్బలకు లోపలి బేరింగు పోతుంది. చక్రాన్ని పట్టి లాగే పుల్లర్ వాడాలి. నట్టును పూర్తిగా తియ్యకుండా రెండు మూడు చుట్లు ఉంచాలి, లేకపోతే ఊడొచ్చిన చక్రం మూతి పగలగొడుతుంది. అంతకంటే ముందు బ్యాటరీ వైరు పీకాలి. మా కారులో బ్యాటరీ లేదు. అయినా పద్ధతి పద్ధతే గనక, అది ఉండాల్సిన చోటుకు ఓ దండం పెట్టి పని మొదలుపెట్టాను. తిరిగి బిగించేటప్పుడు తేడా రాకుండా షాఫ్టుకూ చక్రానికీ కలిపి సుద్దముక్కతో గీత గీశాను.

పగులు పూడ్చాలంటే ముందు దాన్ని పెద్దది చెయ్యాలి. మునిసిపాలిటీ వారికి ఈ సూత్రం కొత్త కాదు. ఇనుము కనపడేదాకా ఆకురాయితో 'వి' ఆకారంలో రాకి, తుప్పు గీకి, స్పిరిట్‌తో తుడిచాను. తర్వాత అలమర తెరిచాను. ఎం-సీల్ రెండు ముద్దలూ ఒకే రంగయ్యేదాకా పిసకాలి. పిసుకుతుంటే మా అత్తగారు చూసి, "అల్లుడుగారు చపాతీలు కూడా చేస్తారా!" అని మురిసిపోయారు. పగులు కంటే కాస్త ఎత్తుగా పెట్టి, రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు 120, 220, 400 నంబర్ల ఉప్పు కాగితాలతో, చివర 800 వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాను. ఈ రుద్దుడు గురించి ఒక్క వాక్యంలో రాసేశాను గానీ, నా భుజాన్నడగండి.

రింగు వెనక వేళ్ల పట్టు కోసం గాడులుంటాయి. కుడివైపు నాలుగు గాడులు పూర్తిగా అరిగి నున్నబడ్డాయి. మా నాన్న ఎడం చెయ్యి ఎప్పుడూ గేరు మీదుండేది, కుడి చెయ్యి కిటికీ బయట సిగ్నల్ ఇస్తుండేది. మరి స్టీరింగు పట్టుకున్నదెప్పుడు? ఆ అరుగుదల పూడ్చాలా, ఆయన గుర్తుగా ఉంచాలా అని రెండ్రోజులు మథనపడ్డాను. ఈలోగా ఎం-సీల్ అయిపోయింది. గుర్తుగా ఉంచాను.

రంగు వేసిన రోజు ముసురు పట్టింది. గాలిలో తేమకు నల్లరంగు మీద తెల్లటి మసక కమ్మింది. మళ్లీ రుద్ది మళ్లీ వేశాను. తీరా బిగించబోతే సుద్దగీత లేదు. కారు మురికిగా ఉందని మా ఆవిడ శుభ్రంగా తుడిచేసింది. అందాజుగా బిగించాను. చువ్వలు కాస్త కావలి వైపు మొగ్గాయి. కారు తిన్నగానే పోతుందో లేదో పరీక్షిద్దామంటే అది పోదు. ఆ విధంగా నా సిద్ధాంతానికి ఇంతవరకు ఎదురులేదు.

మొన్న మా బావ వచ్చాడు, కూర్చున్నాడు, తిప్పాడు, దిగి అరచేతులు చూసుకున్నాడు. శుభ్రంగా ఉన్నాయి. "కడుక్కోనక్కర్లేదు బావా" అన్నాను గర్వంగా. "కడుక్కుందామన్నా సింకు వాడొద్దంది చెల్లెమ్మ" అన్నాడు. నిజమే. బకెట్ నిండినట్టుంది, వెళ్లి పారబోసి రావాలి.