తనిఖీకి ఒక నీతి, సన్మానానికి మరో నీతా?

వెల్డు వేసినవాడే ఆ వెల్డును పాస్ చేయకూడదు. నాన్‌డిస్ట్రక్టివ్ టెస్టింగ్, అందరూ పిలిచే పేరుతో చెప్పాలంటే ఎన్‌డీటీ, ఈ ఒక్క మాట మీద నిలబడిన వృత్తి. పైపును కోయకుండా, ఇంజన్ డిస్కును పగలగొట్టకుండా లోపల పగులు ఉందో లేదో వీరు చెబుతారు. ఆ మాట నమ్మి మనం విమానం ఎక్కుతున్నాం, వంతెన దాటుతున్నాం. తనిఖీ చేసేవారికీ తనిఖీకి వచ్చిన వస్తువుకూ లాభనష్టాల బంధం ఉండకూడదన్న కట్టుబాటు ఉంది కాబట్టే ఆ నమ్మకం. ఇలాంటి వృత్తికి పెద్దదిక్కుగా ఉండాల్సిన సొసైటీలు సదస్సుల్లో అవార్డులు పంచే వేళకు మాత్రం ఆ కట్టుబాటును గట్టున పెడుతున్నాయి. నామినేషన్ వేసేది సభ్యులే. ఎంపిక చేసేది ఆ సభ్యుల్లోంచి వచ్చిన కమిటీయే. ఖర్చు భరించేది తరచూ పరికరాలు అమ్మే కంపెనీ. ఒక్కోచోట ఆ కంపెనీ పేరే అవార్డు పేరు. ఇక పతకం అందుకునేవారిలో నిన్నటి కార్యవర్గ సభ్యులు కనిపిస్తే ఆశ్చర్యపోవాల్సిన పనేముంది?

ప్రకటించే జాబితాలు చూడండి. పేరు, హోదా, ఫొటో, కింద ‘విశిష్ట సేవలకు గుర్తింపుగా’ అని ఒక్క ముక్క. ఏ సేవ? ఏ లోపాన్ని పట్టుకున్నారు? ఏ పద్ధతిని మెరుగుపరిచారు? ఎంతమంది పోటీ పడ్డారు? కమిటీలో ఎవరైనా తమవారి పేరు రాగానే తప్పుకున్నారా? చాలా జాబితాల్లో ఇందులో ఒక్కదానికీ జవాబు ఉండదు. ఇదే మనుషులు రేడియోగ్రఫీ (ఎక్స్‌రే వంటి కిరణాలతో తీసే) ఫిల్ములో, బొమ్మ నాణ్యతను తేల్చే ఐక్యూఐ తీగ కనపడకపోతే ఆ ఫిల్మును చదవనే చదవరు, మళ్లీ తీయమంటారు. పరికరాన్ని సరిచూసిన కాలిబ్రేషన్ వివరాలు లేని అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాలతో చేసే పరీక్ష) రిపోర్టును తిప్పి పంపుతారు. ఏ స్టాండర్డు ప్రకారం పాస్ చేశారో రాయని సర్టిఫికెట్‌ను చిత్తుకాగితం కింద లెక్కిస్తారు. మరి ఏ ప్రమాణమూ రాయకుండా మెడలో వేసే పతకాన్ని ఏమనాలి?

సొసైటీలను నడిపేది జీతం లేకుండా పనిచేసేవారేననీ, రంగం చిన్నది కాబట్టి అందరికీ అందరూ తెలుసుననీ, స్పాన్సర్లు లేకపోతే సదస్సే జరగదనీ ఒక సమర్థన ఉంది. అందులో కొంత నిజం ఉండవచ్చు. రంగం చిన్నదైతే కట్టుబాటు ఇంకా గట్టిగా ఉండాలి. ఈ సంగతి సొసైటీలకు తెలియనిది కాదు. సిబ్బంది సర్టిఫికేషన్‌కు ప్రపంచమంతా పాటించే ఐఎస్‌ఓ 9712 ప్రమాణంలో, తాను శిక్షణ ఇచ్చిన అభ్యర్థిని తానే పరీక్షించకూడదన్న నియమం ఉంది. చాలాచోట్ల ఆ పరీక్షలు నడిపేది కూడా ఈ సొసైటీలే. అంటే పరీక్ష హాల్లో గురువు శిష్యుడి పేపరు దిద్దకూడదు. పక్క హాల్లో అదే గురువు ఆ శిష్యుడికి అవార్డు ఇచ్చే కమిటీలో కూర్చోవచ్చు! ఒకే భవనంలో రెండు నీతులా?

ఇదేదో సభామర్యాదల గొడవ అనుకునేవారు 1963 ఏప్రిల్ 10ని గుర్తు తెచ్చుకోవాలి. అమెరికా నౌకాదళానికి చెందిన అణు జలాంతర్గామి థ్రెషర్ ఆ రోజు అట్లాంటిక్‌లో మునిగిపోయింది. అందులో ఉన్న 129 మందీ చనిపోయారు. సముద్రపు నీటి పైపుల్లో ఏదో జాయింటు విఫలమై ఉండొచ్చని విచారణ భావించింది. అంతకు కొన్ని నెలల ముందే షిప్‌యార్డులో వెండి మిశ్రమం కరిగించి అతికిన (బ్రేజింగ్) పైపు జాయింట్లు 145ను అల్ట్రాసోనిక్‌తో పరీక్షించారు. దాదాపు 14 శాతం ప్రమాణానికి తగ్గట్టు లేవని తేలింది. పడవలో అలాంటి జాయింట్లు వేలల్లో ఉన్నాయి. మిగతావన్నీ పరీక్షించాలంటే టైము పడుతుంది, పని ఆలస్యమవుతుంది. పరీక్ష ఆగిపోయింది. ప్రోబ్ (తనిఖీ పరికరం కొన) పట్టుకున్నవారు తమ పని తాము చేశారు. వారు చెప్పింది వినిపించుకునే అక్కర పైవారికి లేకపోయింది. ఈ రంగంలో గౌరవించాల్సిన గుణం ఏదైనా ఉందంటే, డెలివరీ తేదీ తరుముతున్నా రిజెక్ట్ అని రాసి, ఆ మాట మీద నిలబడడమే. మరి ఆ గుణానికి మన అవార్డుల పట్టికలో గడి ఉందా?

లేదు. ఉండే వీలు కూడా ఇప్పటి పద్ధతిలో లేదు. నామినేషన్ రావాలంటే ఎవరో ఒకరు మన గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వాలి. గట్టి ఇన్‌స్పెక్టర్ గురించి ఎవరు రాస్తారు? ఆయన రిజెక్ట్ చేసిన వెల్డును మళ్లీ చెక్కి వేయాల్సి వచ్చిన కాంట్రాక్టరా? షెడ్యూలు తప్పిందని పైవారి చేత తిట్లు తిన్న ప్రాజెక్ట్ మేనేజరా? ఇన్‌స్పెక్షన్ బిల్లు ఆపిన క్లయింటా? తన పని నిక్కచ్చిగా చేసే కొద్దీ తనను మెచ్చుకునేవారి సంఖ్య తగ్గే వృత్తి ఇది. పైగా ఆయన విజయం కంటికి కనపడదు. పగులును టైముకు పట్టుకుంటే ఏమీ జరగదు, జరగని ప్రమాదానికి ఫొటో ఉండదు. అందరితో మంచిగా ఉండేవారికి, సదస్సులకు క్రమం తప్పక వచ్చేవారికి, స్పాన్సర్‌ను వెంటబెట్టుకొచ్చేవారికి నామినేషన్లు వాటంతటవే వస్తాయి. తనిఖీలో మొహమాటం నేరం అని బోధించే సంఘం, మొహమాటమే పెట్టుబడిగా పతకాలు పంచుతోంది.

2021 మే 11న అమెరికాలోని మెంఫిస్ దగ్గర మిసిసిపీ నది మీదున్న హెర్నాండో డి సోటో వంతెనపై తనిఖీ చేస్తున్నవారు ఒక ముఖ్యమైన ఉక్కు దూలం దాదాపుగా తెగిపోయి ఉండటం చూశారు. పైవారికి మెయిల్ పెట్టి జవాబు కోసం కూర్చోలేదు. ఎమర్జెన్సీ నంబరు 911కు ఫోన్ చేసి వెంటనే ట్రాఫిక్ ఆపించమన్నారు. పైన వాహనాలు, కింద పడవలు ఆగిపోయాయి. వంతెన పూర్తిగా తెరిచేసరికి ఆగస్టు వచ్చింది. ఆ తర్వాత పాత వీడియోలు తిరగేస్తే అదే పగులు 2019 నాటి డ్రోన్ దృశ్యాల్లోనే కనిపించింది. అంతకుముందు తనిఖీ చేసిన ఉద్యోగిని తొలగించారు. ఒకే దూలం, ఒకే పగులు, ఒకరు చూడలేదు, ఒకరు చూశారు. ఆ తేడా ఎందుకు వచ్చిందో అధ్యయనం చేసి, చూసినవారి పద్ధతిని సభలో నిలబెట్టి వివరించడం కంటే పెద్ద సన్మానం ఈ రంగంలో ఏముంటుంది? 1989లో అమెరికాలోని సూ సిటీలో కూలిన యునైటెడ్ 232 విమానం సంగతీ ఇంతే. ఇంజన్ ఫ్యాన్ డిస్కులోని పగులు తనిఖీలో దొరకలేదు, వందమందికి పైగా చనిపోయారు. తనిఖీ విధానాల్లో మనుషుల పరిమితులను సరిగా లెక్కలోకి తీసుకోలేదని దర్యాప్తు సంస్థ తప్పుపట్టింది. రాత్రి షిఫ్టులో, చాలని వెలుతురులో, వరుసగా వందో భాగాన్ని చూస్తున్న కళ్ల గురించి ఆలోచించాల్సిన సొసైటీలు ఫొటోలకు ఎవరు ఎక్కడ నిలబడాలో ఆలోచిస్తున్నాయి.

అన్ని సంఘాలనూ ఒకే గాటన కట్టడం లేదు. 1941లో మొదలైన అమెరికన్ సొసైటీ ఫర్ నాన్‌డిస్ట్రక్టివ్ టెస్టింగ్ టెక్నీషియన్ల కోసమే ఒక వార్షిక అవార్డు పెట్టింది. ప్రోబ్ పట్టే చేతికి ప్రత్యేకంగా ఒక గౌరవం ఉండాలన్న ఆ ఆలోచన మంచిది. కానీ ఒక పతకం ఎక్కువ పెట్టినంత మాత్రాన పద్ధతి మారదు. రేడియోగ్రఫీకి మూలమైన ఎక్స్‌రేను 1895లో కనిపెట్టిన రాంట్‌జెన్ దానికి పేటెంట్ తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ అందుకుని ఆ సొమ్మును వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఆ మనిషి బొమ్మ పెట్టుకున్న వేదిక మీద అమ్మకాల కంపెనీ పేరుతో అవార్డులు ఇస్తుంటే సిగ్గనిపించదా?

అవార్డు గోడ మీద వేలాడే బొమ్మ అయితే మేమూ ఊరుకునేవాళ్లం. అది బయోడేటాలో ఎక్కుతుంది. టెండరు కాగితాల్లో ఎక్కుతుంది. ఏదైనా కూలితే కోర్టులో నిపుణుడి సాక్ష్యానికి బలమవుతుంది. ఈ వృత్తిలో అర్హతలు లెవెల్ వన్ నుంచి త్రీ వరకు మూడు మెట్లు. పై మెట్టున ఉన్న ఒక లెవెల్ త్రీ ‘ఈ ఇండికేషన్‌ను (లోపం ఉందేమోనన్న సూచనను) వదిలేయొచ్చు’ అన్నప్పుడు, దాన్ని అనుమానించే కుర్ర లెవెల్ టూ నోరు మూయించేది కూడా ఆ పతకమే. ప్రమాణం లేకుండా ఇచ్చిన గౌరవం రేపు ప్రమాణం లేని తీర్పుకు అండ అవుతుంది. మా భయం ఇదీ.

ఏం చేయాలో ఈ సొసైటీలకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. లోపాలు దాచిన ప్లేట్లు ఇచ్చి, అవి ఎక్కడున్నాయో చెప్పకుండా ఇన్‌స్పెక్టర్‌ను పరీక్షించే బ్లైండ్ ట్రయల్స్ వీరికి కొత్త కాదు. ఏ సైజు పగులును 90 శాతం సందర్భాల్లో పట్టుకోగలరో 95 శాతం నమ్మకంతో లెక్కగట్టే విద్య వీరిది. అంత నిక్కచ్చి లెక్కలు తెలిసినవారికి పేర్లు తీసేసి నామినేషన్లు చదవడం చేతకాదా? అర్హతలు ముందే అచ్చువేయడం కష్టమా? బయటి సంస్థల నుంచి ఇద్దరిని కమిటీలో కూర్చోబెట్టడానికి అడ్డేమిటి? అర్హులు లేని ఏడాది ‘ఈసారి ఎవరికీ లేదు’ అని చెప్పే ధైర్యం రిజెక్ట్ ముద్ర చేతిలో ఉన్నవారికి లేకపోతే ఇంకెవరికుంటుంది?

వచ్చే సదస్సుకు జాబితా సిద్ధం చేస్తున్న కమిటీలకు ఒకటే చెబుతున్నాం. ప్రతి పేరు పక్కనా ఆ వ్యక్తి చేసిన పని ఏమిటో, ఏ ప్రమాణంతో కొలిచారో, కమిటీలో ఎవరికి ఆ వ్యక్తితో ఉద్యోగ, వ్యాపార, గురుశిష్య సంబంధం ఉందో రాసి సంతకాలు పెట్టండి. మీ కింద పనిచేసే లెవెల్ వన్ కుర్రాడి చేత ప్రతి రిపోర్టు మీదా సంతకం పెట్టిస్తున్నారుగా. మీరు పెట్టలేకపోతే ఆ పతకాలను పెట్టెలోనే ఉంచండి.