తిట్లకొక చిరునామా

ఆవకాయ జాడీకి వాసెన కట్టడం ఎంత నిష్ఠతో చేయవలసిన పనో, పచ్చళ్ళ వ్యాపారానికి వెబ్‌సైట్ కట్టించడం కూడా అంతే నిష్ఠతో చేయవలసిన పని అని మూడేళ్ళ అనుభవం మీద సవినయంగా మనవి చేస్తున్నాను. మొదటి పనిలో తడి చెయ్యి తగిలితే ఒక్క జాడీ బూజు పడుతుంది. రెండో పనిలో తగిలిన చెయ్యి ఎవరిదో తేల్చడానికే ఒక వేసవి గడిచిపోతుంది. బెజవాడలోని మా చిన్న దుకాణానికి వెబ్‌సైట్, లోగో, ఫేస్‌బుక్ ప్రకటనలు, జీఎస్టీ రిటర్నులు, ఫోనెత్తి "మీ పార్సిల్ బయలుదేరిందండీ" అని మర్యాదగా చెప్పే గొంతు, ఇవన్నీ బయటివాళ్ళ చేత చేయించుకోవాలని నిశ్చయించిన నాటి నుంచి నన్ను ఒకటే ప్రశ్న వేధిస్తోంది: తలా ఒక పనిని, ఎవరి కొలువులోనూ లేకుండా విడిగా పని చేసిపెట్టే తలా ఒక ఫ్రీలాన్సర్‌కు పంచిపెట్టాలా, లేక అంతా మూటగట్టి ఒక ఏజెన్సీ నెత్తిన పెట్టాలా?

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. ఇల్లు కట్టించే ప్రతివాడూ రోజుకూలీకి పెట్టాలా, గుత్తకివ్వాలా అని తల పట్టుకుంటూనే ఉన్నాడు. రోజుకూలీకి పెట్టిన గోడ ఎప్పటికీ లేవదనీ, గుత్తకిచ్చిన గోడ తెల్లారేసరికి లేచినా ఎప్పుడు పడుతుందో తెలియదనీ మా తాతగారు తేల్చి, చివరికి పెంకుటింట్లోనే కాలం వెళ్ళబుచ్చారు. ఆయన కాలంలో కూలీల అడ్డా అంటే పొద్దున్నే తాపీ, గమేళా పట్టుకుని నలుగురు నిలబడే ఊరి సెంటరు. 2010లో ఫైవర్ అనే సైటు ఏ పనైనా 5 డాలర్లకే అంటూ తెరుచుకున్నాక అడ్డాకు పొలిమేర లేకుండా పోయింది. ఇప్పుడు మనిషి ముఖం చూడకుండానే, చేతిలో తాపీ ఉందో లేదో తెలియకుండానే, పాత ఖాతాదారులిచ్చిన నక్షత్రాలు లెక్కపెట్టి పనికి పిలుచుకోవచ్చు.

నేను మొదట ఫ్రీలాన్సర్ల వైపే మొగ్గాను. లోగోకు కాకినాడ కుర్రవాడు, వెబ్‌సైట్‌కు వరంగల్లో ఒకరు, ఫొటోలకు మా ఊళ్ళోనే ఒకరు, ప్రకటనలకు హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి, వెరసి నలుగురు కుదిరారు. లోగోకు నేను ఇచ్చిన ఆదేశం ఎంతో స్పష్టమైనది: మామిడికాయ ఉండాలి, కానీ మామిడికాయలా కనిపించకూడదు, సంప్రదాయం ఉట్టిపడాలి, కానీ పాతగా అనిపించకూడదు, ఎరుపు ఉండాలి, కానీ అది కారమని అమెరికాలోని మనవలు భయపడకూడదు. ఆ కుర్రవాడు పదకొండుసార్లు గీసి, పన్నెండోసారి నేను మొదటిదే బాగుందని చెప్పినప్పుడు మూడు రోజులు ఫోనెత్తలేదు. ఈ తరానికి ఓపిక తక్కువని అప్పుడే గ్రహించాను.

ఇక మిగిలిన ముగ్గురి సంగతి. ఫొటోలొస్తే తప్ప పేజీ కట్టలేనని వరంగల్, పేజీ కొలతలు చెబితే తప్ప ఫొటో తీయలేనని బెజవాడ, పేజీ లేనిదే ప్రకటన నడపలేనని హైదరాబాద్ నెల రోజులపాటు ఒకరినొకరు గౌరవించుకుంటూ గడిపారు. "సాయంత్రానికల్లా పంపిస్తాను సార్" అన్న మాటలో ఏ రోజు సాయంత్రమో ఎవరూ చెప్పరు, అడగడం మర్యాద కాదు. నలుగురికీ నాలుగు వాట్సాప్ గ్రూపులు పెట్టి, ఒకరి మాట మరొకరికి చేరవేస్తూ, కాయ తరగాల్సిన చేతులతో మెసేజీలు కొడుతూ, జీతం లేని ప్రాజెక్టు మేనేజర్‌గా నేనే నియమితుణ్ణయ్యానని తెలిసేసరికి మే నెల వచ్చేసింది.

ఇంతలో మా ఆడిటర్ గారు కళ్ళద్దాలు సవరించుకుని మరో పిడుగు వేశారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి యజమానే హక్కుదారు గానీ, బయటివాడు గీసిన లోగోకు గీసినవాడే తొలి హక్కుదారు, రాతపూర్వకంగా బదిలీ చేయించుకుంటేనే అది మనదవుతుంది. 19వ సెక్షన్ ఇంకా రమ్యమైనది. బదిలీ కాగితంలో గడువు రాయకపోతే హక్కు అయిదేళ్ళకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. అంటే నేను డబ్బులిచ్చి, పదకొండుసార్లు సరిదిద్దించి, దుకాణం బోర్డు మీదకెక్కించుకున్న మామిడికాయ న్యాయంగా ఇంకా కాకినాడలోనే ఉంది. డల్లాస్‌లోని మా మేనల్లుడికి పంపిన సీసా మీద అది ఏ హోదాలో ప్రయాణించిందో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందువల్ల మరుసటి ఏడు ఏజెన్సీని ఆశ్రయించాను. మాదాపూర్‌లో అద్దాల మేడ, ఏసీ గది, నలభై స్లైడ్లు. నన్ను కలవడానికి ఆరుగురు వచ్చారు, ఆరుగురూ తలలూపారు, "మీది వ్యాపారం కాదు సార్, ఒక కథ" అన్నారు. ఆ తర్వాత ఆ ఆరుగురిలో ఒక్కరి ముఖం కూడా నేను చూడలేదు. నెలనెలా రిటైనర్ అనే స్థిరమైన రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఆ పన్నును మన అమ్మకాల పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చన్న ఆడిటర్ గారి ఓదార్పు నిజమే గానీ, సర్దుబాటు అయ్యేలోపు చేతి నుంచి పోయేది నా సొమ్మే. నెలాఖరుకు రంగురంగుల రిపోర్టు వచ్చేది: మా ప్రకటన అంతమందికి కనబడింది, ఇంతమంది ఆగి చూశారు. సీసాలు మాత్రం అటక మీదే ఉండేవి, వాటిని ఆగి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మూడో నెలలో పండగ పోస్టరు కోసం పంపిన బొమ్మలో మామిడాకు తొడిమ వంపు చూడగానే నా గుండె ఝల్లుమంది. ఆ వంపు నాకు తెలుసు, దాన్ని పదకొండుసార్లు సరిదిద్దించినవాణ్ణి. కాకినాడకు ఫోన్ చేశాను. "మీ పనా సార్! క్లయింట్ పేరు మాకు చెప్పరు" అని కుర్రవాడు నొచ్చుకున్నాడు. నేనిచ్చేదానిలో అతడికి చేరేది నాలుగోవంతట. మిగిలిన మూడు వంతులూ మా ఇద్దరికీ పరిచయం లేకుండా కాపాడినందుకు పడుతున్న ఖర్చు.

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఏ దారిన వెళ్ళినా పని చేసేది ఆ కుర్రవాడే అయినప్పుడు మనం కొంటున్నది పనిని కాదు, పని చెడినప్పుడు తిట్టడానికి ఒక చిరునామాను. ఫ్రీలాన్సర్‌ను తిడితే తిట్టు తిన్నగా తగులుతుంది, కానీ శుక్రవారానికి పోస్టరు కావాలి కాబట్టి గురువారం రాత్రి మనమే "ఏం నాయనా, భోజనం చేశావా" అని బుజ్జగించాలి. ఏజెన్సీలో ఆ బాధ లేదు. అక్కడ అకౌంట్ మేనేజర్ అనే సౌమ్యమైన మనిషి ఉంటారు, మనం అరగంట అరిచినా "నోట్ చేసుకున్నాను సార్" అంటారు. ఆ తిట్టు అక్కడి నుంచి మెట్టు మెట్టుకూ చల్లారుతూ కాకినాడ చేరేసరికి "క్లయింట్‌కు బాగా నచ్చింది, చిన్న మార్పులున్నాయి" అవుతుంది. ఇంత నాజూకైన యంత్రాంగానికి మూడు వంతుల డబ్బు ఎక్కువని నేననను. కొటేషన్లో దాన్ని "వ్యూహం" అని రాయకుండా "తిట్లు స్వీకరించుటకు" అని విడిగా ఒక పద్దు వేస్తే సంతకం పెట్టడం సులువవుతుందని మాత్రమే నా సూచన.

నా దగ్గరున్న చివరి ఆయుధం బాకీ. పని నచ్చినా నచ్చకపోయినా డబ్బు మూడు నెలలు ఆపడం మా దుకాణంలో తరతరాల ఆచారం. 2023 ఫైనాన్స్ చట్టం దాని మీద కూడా కన్ను వేసి, అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన చేర్చింది. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందముంటే 45 రోజుల్లోపు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపు చెల్లించాలి. ఆ గడువు దాటితే, నిజంగా చెల్లించిన ఏడాది వరకు ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపుకోలేం. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం అంతకుముందే రాసి పెట్టింది. గదిలో కూర్చుని బొమ్మలు గీసుకునే కుర్రవాడు అలాంటి సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్లో నమోదు చేసుకుని, ఆ సర్టిఫికెట్ నకలును ఇన్వాయిస్‌తో పాటు పంపే రోజులొచ్చాయి.

అన్నీ ఆలోచించి, ఈ ఏడాది మధ్యవర్తి లేకుండా కాకినాడ కుర్రవాడికే నాలుగు పనులూ అప్పగించాను. అతడు సంతోషించాడు. "ఒక్కణ్ణే ఎలా సార్, ఇద్దరు ఫ్రెండ్స్‌ను పెట్టుకుంటాను" అన్నాడు, సరేనన్నాను. నిన్న మొదటి ఇన్వాయిస్ వచ్చింది. పైన కొత్త కంపెనీ పేరు, పక్కన నాకు బాగా తెలిసిన తొడిమ వంపుతో ఒక ఆకు, కింద స్వచ్ఛందంగా తీసుకున్న జీఎస్టీ నంబరు. మొదటి పద్దు "అకౌంట్ మేనేజ్‌మెంట్". మండిపడి ఫోన్ చేశాను. ఎత్తింది అతడు కాదు, ఎవరో సౌమ్యమైన అమ్మాయి. నేను అరిచినంతసేపూ ఓపికగా విని, "నోట్ చేసుకున్నాను సార్" అంది.