ఏ మంగాపురం, సామీ?

మా ఆఫీసు కమాండ్ లైన్ టూలుకి (మాట టైపు చేస్తే పని చేసిపెట్టే ప్రోగ్రాముకి),

రాత్రి పదకొండున్నరకి బైరాగిపట్టెడలో మేడ మీద గదిలో కూర్చుని నిన్ను ఒక్కటంటే ఒక్కటి అడిగినాను సామీ, రాసిన ప్రోగ్రామును సర్వరుకెక్కించే 'డిప్లాయ్' కమాండ్ గురించి హెల్ప్ ఇమ్మని. నిద్రమత్తులో ఎల్, ఓ తారుమారై 'డెపోలీ' అని పడింది. తప్పు నాదే, కాదనను. దానికి నువ్వు "అలాంటి కమాండ్ లేదు" అని ఒక్క ముక్క అనకుండా నీకున్న అరవై కమాండ్లనీ, వాటికి తగిలించే ఫ్లాగులతో (ఆప్షన్లతో) సహా, సుప్రభాతం నుంచి ఏకాంతసేవ దాకా చదివేశావు. నేనేమో డిప్లాయ్‌కి హెల్ప్ రాయడం మర్చిపోయినారనుకొని పడుకున్నా.

పొద్దున తెలిసింది అసలు సంగతి. అంత చదివి చివర్లో ఎగ్జిట్ కోడ్ (పని ఎట్లా ముగిసిందో చెప్పే అంకె) సున్నా ఇచ్చి పోయినావంట! సున్నా అంటే అంతా సవ్యమనే కదా. ఫలానా కమాండ్ ఉందా లేదా అని నీ హెల్ప్‌నే అడిగి చూసుకునే స్క్రిప్టు ఒకటుంది మా దగ్గర, పాపం అదీ నిన్ను నమ్మి బోర్లా పడింది. మనం టైపు చేసే కమాండ్లు అందుకుని నడిపే బ్యాష్ నయం, తెలియని కమాండ్ కొడితే 127 అనే ఎగ్జిట్ కోడ్ ఇచ్చి మొహం మీదే లేదంటుంది. (దాని హెల్ప్‌ని తెలియని మాట అడిగితే మాత్రం 'హెల్ప్ హెల్ప్' కొట్టి చూడమంటుంది, బావిలో పడ్డవాడు అరిచినట్టు.)

మొన్న బస్టాండు బయట ఒక పెద్దాయన "మంగాపురం పోవాల" అన్నాడు. ఆటో నడిపే అన్న వెంటనే "ఏ మంగాపురం సామీ, అలమేలు మంగాపురమా, శ్రీనివాస మంగాపురమా?" అన్నాడు. అలమేలు మంగాపురమంటే అమ్మవారుండే తిరుచానూరు, అది ఒక దిక్కు; శ్రీనివాస మంగాపురంలో కల్యాణ వెంకన్న చంద్రగిరి దారిలో ఇంకో దిక్కు. కాణిపాకం దాకా గుళ్లన్నీ ఏకరువు పెట్టలేదు ఆ ఆటో అన్న, దగ్గరగా ఉన్న రెండు పేర్లు చెప్పి ఆగినాడు.

కోడ్‌లో మార్పుల లెక్క రాసిపెట్టే గిట్ కూడా అంతే, తప్పు కొడితే ఇది నా కమాండ్ కాదని చెప్పి, దగ్గరగా ఉన్నదేదో చూపిస్తుంది. ఇదేం బ్రహ్మవిద్య కాదు, ఒక మాట ఇంకో మాట కావడానికి ఎన్ని అక్షరాలు మార్చాలో లెక్కపెట్టే పద్ధతి సోవియట్ గణితవేత్త లెవెన్‌స్టైన్ 1965లోనే చెప్పినాడు. ఆ లెక్కన నా తప్పు రెండు. పక్కపక్క అక్షరాలు తారుమారైతే ఒక్కటిగానే చూసే దామెరౌ అనే ఇంకొకాయన లెక్కలో అయితే ఒకటే!

అలాగని నన్నడక్కుండా నువ్వే సరిదిద్ది నడిపేయొద్దు. గిట్‌లో ఆ ముచ్చటా ఉంది, హెల్ప్ డాట్ ఆటోకరెక్ట్ అనే సెట్టింగులో 10 రాస్తే ఒక్క సెకను ఆగి తానే నడిపేస్తుంది, ఆ అంకె సెకనులో పదో వంతుల లెక్క మరి. ఆ సెకనులో నేను చదివేదెప్పుడు, ఆపేదెప్పుడు? పెద్దాయన నోరు తెరిచేలోపు ఆటో చంద్రగిరి దారి పట్టినట్టుంటుంది.

ఇట్లు,
డెపోలీ బాధితుడు, తిరుపతి

తా.క.: ఫిర్యాదు పంపే కమాండ్ ఏదని నీ హెల్ప్‌నే అడిగినాను. మళ్లీ అరవై వచ్చినాయి.