ఎండలు పోయినా కాళ్లకు బలం రాదు

నల్గొండ దగ్గరి పల్లెలో మా పెద్దమ్మ ఉగాది దాకా రోజూ చెలక వరకు నడిచి వచ్చేది. ఏప్రిల్ వచ్చిందంటే కూలర్ ముందు మంచమే. మృగశిర చినుకులు పడ్డాక వెళ్లి చూస్తే, ఇంటి ముందు మూడు మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటోంది. ఒక కాలు దించి, ఆగి, రెండో కాలు అదే మెట్టు మీదికి తెచ్చుకుని, అప్పుడు కింది మెట్టు. "ఎండలు పోనీ బిడ్డా, మల్ల తిరుగుత" అని ఏప్రిల్‌లో నాతో అన్న మనిషే.

ఎండాకాలం అంటే మనకు వడదెబ్బ చావులే గుర్తొస్తాయి. 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు కాబట్టి ఆ భయం న్యాయమే. వయసు మీద పడితే దాహం సరిగా తెలియదు, చెమట తగ్గుతుంది, కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీళ్లు తగ్గిస్తాయి. అందుకే "బయటికి పోవద్దు" అంటాం. అక్కడితో ఆగిపోవడమే మన తప్పు.

2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే, కాళ్లలో దాదాపు కిలో కండ కరిగింది. మన పెద్దలు పూర్తిగా మంచాన పడరు, నిజమే. కానీ వాళ్లది పది రోజులు కాదు, రెండున్నర నెలలు. పైగా మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మోకాళ్లు ముందే బిగుసుకుని ఉన్నాయి. పాలమూరులో అయితే పిల్లలు వలస పోయిన ఇళ్లలో చెయ్యి అందించే మనిషి కూడా ఉండడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకూ వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమ, మూడు రోజులు కాళ్లు తూలకుండా చేసే కసరత్తు చెబుతోంది. ఎక్కడ చేయాలి? తెల్లారుజామున చీకటి, కుక్కల టెన్షన్. మాపటికి సీసీ రోడ్డు ఇంకా సెగ కక్కుతుంటుంది. వానాకాలం బురదలో జారితే తుంటి ఎముకే. చలికాలం ఒక్కటే కాస్త నయం, అదీ పొద్దెక్కాక.

సెలవుల్లో ప్రతి ఊళ్లో బడి వరండా ఖాళీగానే ఉంటుంది. నీడ ఉంది, గచ్చు చదును. పొద్దున రెండు గంటలు గేటు తీసి, ఒక కుండ నీళ్లు పెట్టడానికి పంచాయతీకి పెద్ద ఖర్చేం కాదు. ఇంట్లోనైనా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేపి కూర్చోబెట్టొచ్చు. మా పెద్దమ్మతో ఇప్పుడు అదే చేయిస్తున్నాం. నాలుగోసారికే ఆయాసపడుతోంది.